ఆయాసము, నడక, తోడిరోగములు
(స్మారకోపన్యాసము)



 స్మారకసభలలో క్రొత్తగా వచ్చిన ఔషధమును గూర్చియో యంత్రమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేనెన్నుకొన్న విషయము అట్టిది కాదు. ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధితో బాధపడువారు దినమునకెంత నడచుచున్నారు, ఎందుచేత నడువలేకున్నారు, నడువకుండుటచేత వారికి ఏయే ఇతర రోగములు దాపురించుచున్నవి, ఆ రోగములు మరల వారి నడకనెట్లు కట్టివేయుచున్నవి అనునదే నేటి నా ప్రసంగము. మందుచీటీలో ఒక్క పంక్తియైనను ఆక్రమింపని ఈ విషయమే, నా దృష్టిలో, అట్టి రోగుల ఆయుర్దాయమును నిర్ణయించు ప్రధానాంశములలో నొకటి.

నేను ముఖ్యముగా మాటలాడునది వైద్యులు సి.ఓ.పి.డి. అని వ్యవహరించు దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధిని గూర్చి. ఊళ్లలో దీనిని దమ్మనియు, ఆయాసమనియు, కొన్నిచోట్ల ఉబ్బసముతో కలిపివేసి ఉబ్బసమనియే అందురు. ఉబ్బసములో ముడుచుకొనిన వాయునాళములు మరల విప్పారును. ఈ వ్యాధిలో మాత్రము ఏండ్లతరబడి లోనికిపోయిన పొగచేతను ధూళిచేతను నాళములు శాశ్వతముగా ఇరుకైపోవును, రక్తమునకు ప్రాణవాయువునందించు సన్నని గాలితిత్తుల గోడలు శిథిలమగును, శిథిలమైన భాగము మరల రాదు. 1846లో జాన్ హచిన్సన్ అను ఆంగ్లవైద్యుడు రెండువేలమందికి పైగా మనుష్యులచేత తన యంత్రములోనికి ఊదించి వారి ఊపిరిని కొలిచి ప్రకటించెను. ఆ స్పైరోమీటరు సంతతికి చెందిన యంత్రమే నేటికిని ఈ వ్యాధినిర్ధారణకు ఆధారము. కాని ఆ యంత్రము చెప్పునది ఊపిరితిత్తుల సంగతి మాత్రమే. ఊపిరితిత్తులు గల మనుష్యుని సంగతి అది చెప్పజాలదు.

మన దేశములో 1990లో సుమారు 2 కోట్ల 80 లక్షలమందికి ఉండిన ఈ వ్యాధి 2016 నాటికి సుమారు 5 కోట్ల 50 లక్షలమందికి ఉన్నట్లు జాతీయస్థాయి వ్యాధిభార గణన తేల్చినది. రోగియనగానే చుట్టయో బీడీయో కాల్చిన మగవాడే మన కన్నులకు గట్టును. కాని అదే గణనలో ఈ వ్యాధిభారమున సగమునకు మించిన పాలు ఇంటి లోపలి, వెలుపలి గాలికాలుష్యమునకును, సుమారు నాలుగవ వంతు పొగాకునకును లెక్కకు వచ్చినది. (మన ఉత్తర కోస్తాతీరమున చుట్టను మండుకొన నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలు కలరు గనుక, పొగాకు మగవారి సొత్తేయని చెప్పుటకును వీలులేదు.) జీవితమున ఒక్క చుట్టయైన ముట్టని స్త్రీ, గవాక్షములేని వంటయింట పిడకలు, కందికట్టె, పత్తికట్టె పెట్టిన పొయ్యిముందు కూర్చుండి, ఊదుగొట్టముతో నిప్పు రాజేయుచు ముప్పది నలుబది సంవత్సరములు గడిపి, అరువదియేండ్లు నిండకముందే బిందె ఎత్తలేని స్థితికి వచ్చుట మనమెరుగని విషయమా? 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపం పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును గ్యాసుబండను పేదయింటికి తెచ్చినవి, అది మహోపకారమే. అయినను బండ రాకముందు పీల్చిన పొగ ఆమె ఊపిరితిత్తులలో వ్రాసిన వ్రాత చెరుగలేదు. ఆమెను ఛాతీరోగిగా గుర్తించువారే అరుదు. వయసు మీదపడినది, నీరసము, రక్తము లేదు అని బలపుమాత్రలిచ్చి పంపివేయుదురు.

ఇక ఈ రోగి నడువలేకుండుటకు కారణమేమో కొంచెము వివరముగా చెప్పవలసియున్నది, ఏలయన ఇక్కడనే అపోహ దాగియున్నది. గాలి లోనికి పోకుండుట ఈ వ్యాధిలోని ప్రధానబాధ కాదు, బయటికి రాకుండుటయే ప్రధానబాధ. ఇరుకునాళములగుండ ఊపిరి విడుచుటకు ఎక్కువ కాలము పట్టును. ఊరకున్నంతసేపు ఆ కాలము చిక్కును. నాలుగడుగులు వేగముగా వేయగానే శ్వాస త్వరితమై, మొదటి ఊపిరి పూర్తిగా వెడలకముందే రెండవ ఊపిరి లోనికి వచ్చును. దిగవలసినవారు దిగకముందే ఎక్కువారెక్కు బస్సువలె ఛాతీ లోపల క్రిక్కిరిసిపోవును. విభాజకపటలము, అనగా పొట్టకును ఛాతీకిని నడుమనుండి శ్వాసను నడపు కండరము, చదునై తన బలమును కోల్పోవును. అప్పుడు రోగి రెండుచేతులను మోకాళ్లపై మోపి, ముందునకు వంగి, పెదవులు సన్నముగా చేసి ఊదుచు నిలుచుండును. ఆ ఊదుట అతనికెవరు నేర్పిరి? దేహమే నేర్పినది. పెదవుల దగ్గర కొంత అడ్డుపెట్టినచో లోపలి నాళములు ముడుచుకొనిపోక మరికొంత గాలి వెడలునని శాస్త్రము తరువాత కనుగొన్నది; నేడు మనమదే ఊపిరిని వ్యాయామముగా నేర్పుచున్నాము.

ఇట్టి ఆయాసము రెండుమూడు పర్యాయములు అనుభవమునకు వచ్చిన పిదప రోగి ఏమి చేయును? నడువకుండును. మెట్లున్న గుడికి పోవుట మానును, సంతకు పోవుట మానును, పెండ్లికి పిలుపు వచ్చిన కొడుకును పంపును. ఆయాసము తగ్గినట్లే తోచును, కాని తగ్గినది ఆయాసము కాదు, జీవితము. ఇంటివారును ప్రేమచేతనే "నాన్నా, నీవు కదలకు, మేము తెచ్చెదము గదా" అని మంచినీళ్ల గ్లాసుకూడ మంచమువద్దకే తెచ్చి ఇత్తురు. ఆ ప్రేమను నేను తప్పుపట్టుట లేదు. ఆ ప్రేమకు సరియైన త్రోవ చూపనందుకు వైద్యులమైన మమ్ములనే తప్పుపట్టుచున్నాను. బెల్జియమునందలి లూవెన్ పరిశోధకులు రోగుల దేహమునకు కొలతయంత్రములు కట్టి 2005లో ప్రకటించిన పరిశీలనలో, ఆరోగ్యవంతులైన వృద్ధులు దినమునకు సగటున 81 నిమిషములు నడచుచుండగా ఈ రోగులు 44 నిమిషములు మాత్రమే నడచుచుండిరి. పగటివేళ పరుండు కాలము ఆరోగ్యవంతులకు 29 నిమిషములు కాగా వీరికి 87 నిమిషములు. నడక సగమై, పడక మూడింతలైనదన్నమాట.

కదలని కాలు క్షీణించును. తొడకండరములలో ఓర్పుతో ఎక్కువసేపు పనిచేయు తంతువులు తగ్గి, త్వరగా అలసిపోవు తంతువులు మిగులును. అట్టి కండరము కొద్దిపాటి పనికే ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లమును వెడలగొట్టుటకు ఊపిరి మరింత వేగముగా ఆడవలెను. ఊపిరి వేగమైనచో ఛాతీ మరింత బిగియును. ఊపిరితిత్తులు ఎంతమాత్రము క్షీణింపకున్నను, కేవలము కాళ్లు క్షీణించుటచేతనే ఆయాసము నానాటికి పెరుగుచుండును. కావుననే ఈ వ్యాధిలో ఎందరో రోగులు నడక ఆపినప్పుడు "ఊపిరాడలేదు" అనుటకు బదులు "కాళ్లు పట్టివేసినవి" అందురు. ఆ మాటను చెవియొగ్గి వినుడని విద్యార్థులకు ప్రత్యేకముగా మనవిచేయుచున్నాను. పాడైన ఊపిరితిత్తిని మనము బాగుచేయలేము. పాడైన కాలిని బాగుచేయగలము.

తోడిరోగముల సంగతికి వత్తును. 2013లో హాలండు దేశమునందు 213 మంది రోగులను క్షుణ్ణముగా పరీక్షింపగా వారిలో నూటికి 97 మందికి పైగా మరియొక రోగమైనను ఉన్నట్లును, సగమునకు మించినవారికి నాలుగో అంతకుమించియో ఉన్నట్లును తేలినది. గుండెరక్తనాళముల జబ్బు, రక్తపుపోటు, మధుమేహము, ఎముకల గుల్లతనము, కండరక్షయము, రక్తహీనత, దిగులు, భయము: ఇవియన్నియు ఒకే దేహమునందు గుమిగూడుట యాదృచ్ఛికము కాదు. పొగ ఒక్కటే ఊపిరితిత్తిని, గుండెను కలిపి కాల్చినది. వయస్సు అన్నిటిని కలిపి అరగదీసినది. కదలకుండుట అన్నిటికిని పోషణమిచ్చినది.

వీనిలో గుండెను గూర్చి కొంత నిలిచి చెప్పవలయును. వ్యాధి ఇంకను తీవ్రముకాని దశలో ఈ రోగులు ఊపిరాడక చనిపోవుటకంటె గుండెజబ్బుచేత చనిపోవుటయే విశేషము. ఛాతీజబ్బు హఠాత్తుగా ముదిరి ఆసుపత్రి పాలైన తరువాతి దినములలో, వారములలో గుండెపోటు వచ్చు ప్రమాదము హెచ్చగును. కాని ఆయాసము వచ్చినదనగానే అది పాత దమ్మే అని రోగియు, వైద్యుడును సమాధానపడుటచేత గుండెజబ్బు మరుగుపడిపోవును. బీటా బ్లాకరు తరగతి మందులు ఊపిరిరోగులకు నిషిద్ధములని మా తరమువారు చదువుకొన్నాము. ఆ తరగతిలో గుండెపై ప్రత్యేకముగా పనిచేయు మందులను గుండెకు అవసరమున్నచోట ఈ రోగులకును ఇయ్యవచ్చునని తరువాత నిర్ధారణమైనది. అవసరములేనిచోట ఊపిరికి మేలుచేయునని వానినిచ్చుట మాత్రము తగదు. 2019లో వెలువడిన ఒక పరీక్షలో అట్టి మేలు కనిపింపలేదు.

ఎముకల సంగతి మరింత మౌనముగా జరిగిపోవును. ఆయాసము ముదిరినప్పుడెల్ల స్టీరాయిడు మాత్రలు వాడిన రోగికి, అందునను నీడపట్టున కూర్చున్న రోగికి, ఎముకలు లోలోపల గుల్లబారి, ఒకనాడు గట్టిగా దగ్గినంతమాత్రముననే వెన్నుపూస నలిగిపోవుట కలదు. నలిగిన వెన్ను వంగును, వంగిన ఛాతీ విప్పారదు, విప్పారని ఛాతీలో ఊపిరి మరింత తగ్గును. ఆ మాత్రలే రక్తములో చక్కెరను పెంచును, కండరమును హరించును. మన పల్లెలలో వైద్యుని అనుమతి లేకయే మందులకొట్టులో ఈ మాత్రలు కొనుక్కొని, "అవి వేసుకొన్ననాడు హాయిగా నుండును" అని సంవత్సరములపాటు మ్రింగువారున్నారు. ఆ హాయికి కట్టవలసిన వడ్డీ ఇది.

దిగులును గూర్చి చెప్పకపోయినచో ఈ ప్రసంగము అసత్యమగును. ఊపిరి అందదేమోనను భయము మరణభయమే. దినమునకు పదిసార్లు మరణభయమనుభవించు మనిషి నలుగురిలోనికి రాకుండుట సహజము. భర్త ఆయాసముతో రాత్రి లేచి కూర్చుండగా తానును లేచి వీపు రాయుచు తెల్లవారించు భార్యయొక్క నిద్రలేమియు ఏ రికార్డులోను ఎక్కదు.

ఇన్ని రోగములు గల ఒక్క మనిషి మన ఆసుపత్రులలో నలుగురైదుగురు మనుష్యులుగా విభజింపబడుచున్నాడు. గుండెవైద్యుడొక చీటీ, చక్కెరవైద్యుడొక చీటీ, ఎముకలవైద్యుడొక చీటీ, ఛాతీవైద్యుడొక చీటీ ఇచ్చును. ఆ ముసలివాడు ప్లాస్టిక్ సంచినిండ చీటీలతో, మాత్రల పట్టీలతో వచ్చి బల్లపై క్రుమ్మరించినప్పుడు, వానిని ఒకదానితోనొకటి కలిపి చదువు బాధ్యత ఎవరిదో తెలియదు. ఆ చీటీలన్నిటికిని సమానముగా పనికివచ్చు చికిత్స ఒక్కటే, అది నడక. అదియే ఏ చీటీలోను లేదు. నడక చక్కెరను తగ్గించును, పోటును తగ్గించును, ఎముకపై బరువు మోపి దానిని నిలుపును, తొడకు బలమిచ్చును, దిగులును చెదరగొట్టును. డెన్మార్కునందలి కోపెన్‌హేగెన్ నగరవాసులను చిరకాలము అనుసరించి 2006లో ప్రకటించిన పరిశీలనలో, వారమునకు రెండుగంటలైనను నడచుటయో సైకిలు త్రొక్కుటయో చేయు ఊపిరిరోగులకు, ఏమియు చేయనివారికంటె, ఆసుపత్రిలో చేరవలసిన అవసరమును, మరణమును సుమారు నాలుగవ వంతు తక్కువగా కనిపించినవి. నడువగలవారే ఆరోగ్యవంతులు గనుక అట్లు కనిపించినదను ఆక్షేపణ న్యాయమైనదే. ఇట్టి పరిశీలనములన్నిటికిని ఆ పరిమితి కలదు. కావుననే వ్యాయామమును కొందరికిచ్చి కొందరికీయక పోల్చిచూచిన పరీక్షలవైపు చూడవలసియున్నది.

దానికి ముందు చరిత్రను కొంత స్మరింతము. ఊపిరిరోగి కదలరాదను భావము అర్వాచీనము కాదు. సుశ్రుతుడు వ్యాయామమును ఎంతయో ప్రశంసించియు, దానిని బలములో సగముమేరకే చేయవలెనని నియమించి, శ్వాసరోగులకును కాసరోగులకును దానిని నిషేధించెను. జబ్బు హఠాత్తుగా ముదిరిన దశలోనున్న రోగిని గూర్చి ఆ నిషేధము నేటికిని చెల్లును. సగబలము అను నియమము నేటి శిక్షకులకును తగిన ఉపదేశము. పందొమ్మిదవ శతాబ్దమున క్షయరోగులకై సైలీషియాలో ఆరోగ్యాశ్రమమును స్థాపించిన హెర్మన్ బ్రేమర్ వారిని క్రమముగా కొండదారుల నడపించెను. ఆయనవద్దనే రోగిగా చేరి, సహాయకుడైన పీటర్ డెట్‌వైలర్ తరువాత తన స్వంత ఆశ్రమమున కుర్చీలో వాల్చి పూర్ణవిశ్రాంతి నియమించెను. లోకము శిష్యునే అనుసరించినది. ఇరువదవ శతాబ్దారంభమున ఇంగ్లండులోని ఫ్రిమ్లీ ఆశ్రమమున మార్కస్ పాటర్సన్ రోగులచేత తట్టలు మోయించి, పారలు పట్టించి, క్రమవర్ధమానమైన శ్రమను చికిత్సగా నడపినను విశ్రాంతియే పైచేయిగా నిలిచినది.

ఆ విశ్రాంతివాదమునకు పెద్దదెబ్బ తగిలినది మన ప్రక్కనున్న మద్రాసులో. అక్కడి క్షయచికిత్సాకేంద్రము 1959లో ప్రకటించిన పరీక్షలో, ఇరుకిండ్లలో నుండి, చాలీచాలని తిండి తిని, పనిపాటలు చేసికొనుచు మందులు వాడిన పేదరోగులకు, ఆరోగ్యాశ్రమమున మంచి తిండితో మంచముపై నుండి అవే మందులు వాడినవారితో దాదాపు సమానముగ గుణమిచ్చినది. మందు సరిగా పడినచో మంచము అనవసరమని లోకమంతకును చాటిన ఆ పరీక్షను మన దక్షిణదేశమున జరిగిన వైద్యకార్యములలో అగ్రగణ్యముగా నేనెంచుదును. పొగవల్ల పాడైన ఊపిరితిత్తుల విషయమున మాత్రము ఆ పాఠము ఆలస్యముగా వచ్చినది. న్యూయార్కునందలి ఆల్వన్ బరాక్ 1952లోనే, క్రమముగా నడకను పెంచిన రోగులలో క్రీడాకారుల సాధనవంటి ఫలితము కనిపించుచున్నదని వ్రాసెను; చాలకాలము ఎవరును చెవినిబెట్టలేదు. 1960 తరువాత డెన్వరులో థామస్ పెట్టీ మోసికొనిపోగల ఆక్సిజనుతో రోగులను నడపించి, శ్వాసపునరావాసమను విధానమునకు రూపమిచ్చెను. 2015 నాటికి ఆ విధానముపై 3,800 మందికి పైగా రోగులతో 65 పరీక్షలు జరిగినవి. వానిలో రోగి ఆరునిమిషములలో నడువగల దూరము సగటున 44 మీటర్లు పెరిగినది, ఆయాసము తగ్గినది, జీవనము మెరుగైనది. ఆ పరీక్షలను క్రోడీకరించిన కాక్రేన్ సంస్థవారు, పునరావాసము మేలా కాదా అని తేల్చుటకు ఇకపై క్రొత్త పరీక్షలు అక్కరలేదని ఆ సమీక్షను ముగించివేసిరి. వైద్యశాస్త్రమున ఇంత నిస్సంశయమైన వాక్కు అరుదుగా వినబడును.

ఆ చికిత్సను ఆచరించు విధము కఠినము కాదు. వారమునకు రెండు మూడు పర్యాయములు, ఆరు మొదలు పండ్రెండు వారములు, శిక్షకుని కన్నులయెదుట నడక, సైకిలు, తొడలకును భుజములకును బలమిచ్చు కదలికలు. బయలుదేరుటకు కొంచెము ముందుగా ఇన్‌హేలరు పీల్చవలెను. మాటలాడుచు నడువగలిగియు పాట పాడలేనంత వేగము చాలును. ఆయాసము వచ్చుట అపాయము కాదు. వచ్చిన ఆయాసము కొద్దినిమిషములలో తగ్గినచో అది శ్రమ సరియైన కొలతలో నున్నదనుటకు గురుతు. ఆ భరోసాను ఎదుటనుండి ఇచ్చుటకే శిక్షకుడు. వ్రేలికి తగిలించు యంత్రములో ఆక్సిజను 88 శాతమునకు దిగువకు జారినచో ఆగి, వైద్యునికి తెలుపవలెను. ఇటీవల గుండెపోటు వచ్చినవారు, ఊరక కూర్చున్నప్పుడును ఛాతీనొప్పి వచ్చుచున్నవారు మొదట గుండెవైద్యుని అనుమతి పొందవలెను. ఇన్సులిను వాడువారు పరగడుపున నడువరాదు, పాదములను ప్రతిదినము చూచుకొనవలెను. మోకాళ్లు అరిగినవారు కుర్చీలో కూర్చుండి లేచుటయే పదేపదే చేయవచ్చును. తోడిరోగములు ఎక్కువగానున్న రోగిని వ్యాయామమునకు పనికిరాడని త్రోసివేయుదురు. వానికే దాని అవసరము అందరికంటె ఎక్కువ.

మనదేశపు రోగి అనేకసార్లు బక్కవాడు, పొట్టనిండ తినలేనివాడు. తిన్నవెంటనే ఆయాసము వచ్చునని సగము కంచముతో లేచును. అట్టివానికి తిండి పెంపక నడక పెంచుట కూడదు. పప్పు, గ్రుడ్డు, పాలు, పెరుగు కొంచెముకొంచెముగా పలుమారులు పెట్టి, దానితోడుగా నడిపింపవలెను. స్త్రీల విషయమున మరియొక సంగతి కలదు. చేతులు పైకెత్తి చేయుపని, అనగా తల దువ్వుకొనుట, బట్టలారవేయుట, అటకమీది డబ్బా దించుట, కాళ్లతో నడచుటకంటె ఎక్కువ ఆయాసము కలిగించును, ఏలయన శ్వాసకు తోడ్పడు మెడ, భుజ కండరములు అప్పుడు చేతులకు చిక్కుకొనిపోవును. ఆమె "వంటపని చేయుచున్నాను గదా, వ్యాయామమెందుకు" అన్నప్పుడు, ఆమె చేయునది రోజంతయు నిలుచుండుట గాని ఎడతెగని నడక కాదని నెమ్మదిగా బోధింపవలెను. సాయంకాలము ఇంటిలోనివారొకరు ఆమె పనిని తాము పుచ్చుకొని ఆమెను వీధిచివరివరకు పంపవలెను. పొయ్యిలు, చెత్తమంటలు పొగచిమ్ము వేళ మాత్రము బయటికి పోరాదు.

శిక్షణచేత పెరిగిన శక్తిని రోగి వినియోగించుకొనునా అన్నది వేరుప్రశ్న. ఆరునిమిషముల పరీక్షలో ఎక్కువదూరము నడచినవాడు ఇంటికిపోయి మరల అరుగుపైనే కూర్చుండుట పరిశోధనలలోను కనిపించినది. శిక్షణ ఆగిన సంవత్సరములోపల లాభము క్రమముగా కరగిపోవుటయు కనిపించినది. నడువగలుగుట వైద్యుడియ్యగలడు; నడచుటకొక కారణమును ఇల్లు, ఊరు ఇయ్యవలెను. మనుమని బడికి దిగబెట్టుట, పాలకేంద్రమునకు పోవుట, గ్రంథాలయమునకు పోవుట, నడుమ కూర్చుండుటకొక అరుగు: వీనిని నేను మందులుగానే పరిగణించుదును.

అమెరికాలో వృద్ధుల ఆరోగ్యబీమా క్రింద ఈ వ్యాధితో ఆసుపత్రిలో చేరి ఇంటికి వచ్చిన 1,97,376 మందిని పరిశీలించి 2020లో ప్రకటించిన లెక్కలో, 90 దినములలోపల పునరావాసమునకు చేరినవారు నూటికి ఒకటిన్నరమంది మాత్రమే. చేరినవారిలో సంవత్సరములోపల 7.3 శాతము మరణింపగా, చేరనివారిలో, ఆలస్యముగా చేరినవారిలో 19.6 శాతము మరణించిరి. ధనికదేశపు స్థితియే ఇట్లున్నది. అయినను మనము మొదలిడుటకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ఆరునిమిషముల పరీక్షకు కావలసినది ముప్పదిమీటర్ల చదునైన వసారా, రెండు గురుతులు, ఒక కుర్చీ, ఒక గడియారము. 350 మీటర్లకు దిగువనున్న నడక ప్రమాదసూచకమని 2004నుండియు తెలిసియున్నది. మన జిల్లా ఆసుపత్రులన్నిటను పొడవైన వసారాలున్నవి, పెక్కింట ఫిజియోథెరపిస్టులును ఉన్నారు. వారు ఎముకలవిభాగమునకే పరిమితులైయున్నారు. వారిని వారమునకు మూడుపూటలు ఛాతీవిభాగమునకు పంపుడని అధికారులను ప్రార్థించుచున్నాను. ఛాతీరోగిని ఇంటికి పంపునాడు, యువవైద్యులారా, వానిని వసారాలో నడిపించి, నడచిన దూరమును మీటర్లలో చీటీపైన మందుల పేర్లకంటె ముందు వ్రాయుడు. నాలుగువారములలోపల మరల వచ్చుటకు తేదీ వేయుడు. ఆ తేదీని వానికి మాత్రమే కాక, వాని వెంటవచ్చినవారికిని చదివి వినిపింపుడు.